రాజమండ్రి మూడో సెట్టు కోసం సింగపూర్

సింగపూర్ వెళ్ళి వచ్చినవాళ్ళు మూడు సంగతులు తప్పకుండా రాస్తారు. రోడ్డు మీద కాగితం ముక్క కనబడదని, ఉమ్మేస్తే జరిమానా అని, అందరూ వరసలో నిలబడతారని. అవి నిజమే. వాటి జోలికి నేను పోను. నేను వెళ్ళింది ఒక మనిషిని ఒక్క మాట అడగడానికి. ఆ మాట నా నోటిదాకా రావడానికి నలభై ఆరేళ్ళు పట్టింది. ఆపైన సింగపూర్‌లో ఏడు రోజులు. ఆ నలభై ఆరేళ్ళు నన్ను ఇంత విసిగించలేదు.

కాకినాడలో ఒక టెన్నిస్ క్లబ్బులో నేను ముప్ఫై నాలుగేళ్ళు మార్కర్‌ని. జీతానికి ఉండి, మెంబర్లతో ఆడి, ఆట నేర్పి, వాళ్ళు మరీ దారుణంగా ఓడిపోకుండా చూసుకునేవాణ్ణి మార్కర్ అంటారు. బడి చదువు నాలుగో తరగతి. ఇంగ్లీషు వచ్చింది మెంబర్లు చదివి పారేసిన పేపర్ల ఆటల పేజీలోంచి. ఆ రోజుల్లో ఆటకి డబ్బు పుచ్చుకున్నవాడు ప్రొఫెషనల్. ప్రొఫెషనల్‌కి పెద్ద టోర్నమెంట్లలో చోటు లేదు. పెద్దమనిషైనవాడు ఊరికే ఆడాలట! తాతల ఆస్తి ఉన్నవాడు ఊరికే ఆడతాడు, నేనెలా ఆడతాను? ఆ రూలు రాసినవాడెవడో గానీ, వాడి మీద నాకు కోపం ఇంకా చల్లారలేదు.

రూబెన్ కూడా ప్రొఫెషనలే. సింగపూర్‌లో పుట్టిన యూదుడు. నాకంటే నాలుగేళ్ళు పెద్ద, ఆటలో నలభై మెట్లు పైన. నలుగురు ఆటగాళ్ళున్న ఒక కంపెనీ అతణ్ణి ముందు పెట్టుకుని, ఊరూరా కాన్వాసు పరిచి, టిక్కెట్టు పెట్టి ఆడించేది. కాకినాడ వచ్చేసరికి నాలుగోవాడికి టైఫాయిడ్ తగిలి నన్ను తీసుకున్నారు. ఒక ఊళ్ళో ఒక ఆట. మేనేజరు హుకుం ఏమిటంటే, మొదటి సెట్టు రూబెన్‌ది, రెండోది నాది, మూడోది రూబెన్‌ది. జనం ఉత్కంఠతో చూడాలి, చివరికి స్టారు గెలవాలి. అలా నాలుగు ఊళ్ళలో చెప్పినట్టే ఓడాను.

అయిదో ఊరు రాజమండ్రి. రైసు మిల్లు ఆవరణలో ఆట. మా కాకినాడ క్లబ్బు సెక్రటరీ ముందు వరసలో కూర్చుని, పక్కవాళ్ళతో నాకు వినబడేలా అన్నాడు: "మా మార్కరేలెండి. ఓడతాడు. అదే వాడి ఉద్యోగం."

ఆ రోజు నేను ఓడలేదు. మూడో సెట్టు ఆరు నాలుగు. మర్నాడు మేనేజరు నన్ను రైలెక్కించి ఇంటికి పంపేశాడు. సెక్రటరీ ఊరుకున్నాడా? "పాపం, ఆ యూదు కుర్రాడు మంచివాడు, మనవాడి మీద జాలిపడి ఒక ఆట వదిలేశాడు" అని క్లబ్బంతా చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు ఆ మాటే చెలామణీ అయింది. నేను ఆట నేర్పిన పిల్లలు కూడా అదే అనేవారు. ఆ రోజు నేను గెలిచానా, రూబెన్ గెలవనిచ్చాడా? తెలిసినవాడు లోకంలో ఒక్కడే. వాడు సింగపూర్‌లో బతికే ఉన్నాడని అయిదేళ్ళ కిందట మలయా నుంచి వచ్చిన ఒక టీ వ్యాపారి చెప్పాడు.

మా తమ్ముడి కూతురు మాధవి, ఆమె భర్త శ్రీధర్, కంప్యూటర్ల ఉద్యోగం మీద అక్కడికి వెళ్ళి రెండేళ్ళయింది. "పెదనాన్నా, ఒక వారం వచ్చి ఉండు" అంది. వెళ్ళాను.

క్లెమెంటి

వాళ్ళ ఫ్లాటు పదకొండో అంతస్తు. ఎదురు ఫ్లాట్లో యూనివర్సిటీ కుర్రాళ్ళు గదికి ముగ్గురు చొప్పున అద్దెకుంటారు. పొద్దున్నే బియ్యం కడిగి కుక్కరెక్కించి పరుగెడతారు. కాకినాడలో అద్దెకిచ్చేవాడు కులం అడుగుతాడు. ఇక్కడ ఒకటే ప్రశ్న, ఇంట్లో కూర వండుతారా అని. వాసన పడదట. కూర వండనివాడు మనిషా?

కొబ్బరిబొండం రెండు డాలర్లు. మన లెక్కలో యాభై రూపాయల పైమాట. కాకినాడలో ఆ డబ్బుకి సగం గెల దించి, కొట్టి చేతికిస్తారు.

మాధవి కూతురు స్నిగ్ధకి తొమ్మిదేళ్ళు. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెబుతుంది. దిగగానే, "అమ్మా, మనం రేపే రూబెన్ కోసం వెళదామా?" అన్నాను. మాధవి నోరు తెరిచేలోపు ఆ పిల్ల, "కెనాట్ లా తాతా, టుమారో స్కూల్" అంది. దాని బడికీ నా పనికీ ఏమిటి సంబంధం? ఉందట. పిల్లని బడి నుంచి తెచ్చేవాళ్ళు ఉండాలట. సోమవారం అలా పోయింది.

చాంగీ

మంగళవారం శ్రీధర్ నన్ను తన ఆఫీసుకి తీసుకెళ్ళాడు. క్లెమెంటి ఊరికి ఆ చివర, చాంగీ బిజినెస్ పార్కు ఈ చివర. రోజూ ఇంత దూరం రైల్లో నిలబడి వెళతాడు. అన్నీ గాజు మేడలు. లోపల నరసాపురం, వరంగల్, నంద్యాల. సగంమంది మనవాళ్ళే. నా మెడలో ఒక అట్ట తగిలించి కూర్చోబెట్టారు.

నేను చెప్పిందొకటే. "నాయనా, టెలిఫోన్ డైరెక్టరీ తెప్పించు. పేరు చూద్దాం."

"డైరెక్టరీ ఎందుకు మావయ్యగారూ? నెట్‌లో వెతుకుదాం" అన్నాడు శ్రీధర్.

పక్క సీట్లో హైదరాబాదీ, జాఫర్ అని, కుర్చీ చక్రాల మీదే జరిగి వచ్చాడు. "ఫికర్ నక్కో చచా! రెండు మినిట్లల్ల దొరుకుతడు. మేము బ్యాంకోళ్ళ లెక్కలే దొరకబడతున్నం, ఒక్క మనిషి దొరకడా?"

రెండు నిమిషాలు రెండు గంటలయ్యాయి. అయిదుగురు ఇంజనీర్లు నా చుట్టూ చేరారు. ఒకడు నా టీ కూడా తాగేశాడు. ఆఖరికి జాఫర్ చప్పట్లు కొట్టాడు. రూబెన్, అదే ఇంటిపేరు, క్రాంజీ. వరస నంబరుతో సహా దొరికిందట. శ్రీధర్ నా కేసి గర్వంగా చూశాడు. నేనూ సంతోషించాను, దాచడమెందుకు.

క్రాంజీ

బుధవారం మాధవి సెలవు పెట్టి తీసుకెళ్ళింది. రైలు దిగి బస్సు కోసం నిలబడ్డాం. ఇళ్ళు లేవు. పొలాలు, చెట్లు, కూలీల బారకాసులు. స్టాపులో పసుపు బూట్లు వేసుకున్న మనిషి మా మాటలు విని పలకరించాడు. టెక్కలి నుంచి వచ్చాడట.

"మీకేటి పని బాబూ ఇక్కడ?"

"ఒకాయన్ని చూడ్డానికొచ్చాం. చీటీలో అడ్రసు ఇదిగో."

అతను చీటీ చూశాడు. మాధవి కేసి, నా కేసి చూశాడు. "ఇది సమాధుల తోట బాబూ. ఇక్కడ సచ్చిపోయినోళ్ళు ఆ గట్టు మీదుంటారు. బతికున్నోళ్ళం మేమే."

నిజమే. యుద్ధంలో పోయిన సైనికుల శ్మశానం. కొండవాలు మీద తెల్లరాళ్ళు, పలక మీద అక్షరాల్లా వరసలు. ఇంజనీర్లిచ్చిన వరస నంబరు పట్టుకుని వెళితే, ఒక రాయి మీద ఆరు మొనల నక్షత్రం, కింద అదే పేరు, అదే ఇంటిపేరు. మాధవి నా చెయ్యి పట్టుకుంది. "పెదనాన్నా, పోయారేమో..."

"ఎప్పుడు పోయాడో చదివావా? యుద్ధంలో! యుద్ధంలో పోయినవాడు రాజమండ్రిలో నాతో ఎలా ఆడాడమ్మా?" అని కేకలేశాను. కేకలేసే చోటు కాదది. తోటమాలి నోటి మీద వేలు పెట్టి చూపించాడు. ఎవరో పాపం, వేరే రూబెన్. ఇరవై రెండేళ్ళవాడు. ఆ రాయికి దణ్ణం పెట్టి వచ్చాం. సాయంత్రం శ్రీధర్, "పేరు మ్యాచ్ అయింది కదా మావయ్యగారూ" అన్నాడు. అయిదుగురు ఇంజనీర్లు!

కాగితపు రుమాళ్ళు

గురువారం వాన. శుక్రవారం ఎవరికీ చెప్పకుండా ఒక్కణ్ణే బయల్దేరాను. నా తెలివి నాకుంటుంది. టెన్నిస్ ఆటగాణ్ణి ఎక్కడ వెతకాలి? బ్యాటుకి గట్ తీగలు బిగించేవాడి దగ్గర. మంగలిలాగే వాడికి ఊళ్ళో అందరి సంగతీ తెలుస్తుంది.

దారిలో ఆకలేసి హాకర్ సెంటర్‌కి వెళ్ళాను. ఒక పెద్ద షెడ్డు కింద యాభై వంటకొట్లు, మధ్యలో బల్లలు. మధ్యాహ్నం వేళ, జనం కిటకిట. ఒక బల్ల మాత్రం ఖాళీగా ఉంది, దాని మీద కాగితపు రుమాళ్ళ పొట్లం. పాపం ఎవరో మరిచిపోయారని, దాన్ని పట్టుకుని బల్లబల్లకీ తిరిగి "మీదా, మీదా" అని అడిగాను. అందరూ నవ్వుతారే గానీ తీసుకోరు. తిరిగి వచ్చేసరికి నా బల్ల దగ్గర నలుగురు కూర్చున్నారు. ఇంతలో చేతిలో నూడిల్స్ పళ్ళెంతో ఒకమ్మాయి వచ్చి నా మీద విరుచుకుపడింది. "అంకుల్! ఐ చోప్ ఆల్రెడీ!" పొట్లం పెడితే బల్ల తనదైనట్టట. దాన్ని చోప్ అంటారట. మన బస్సులో కిటికీలోంచి తువ్వాలు వేస్తాం చూడండి, అదీ సంగతి. కానీ తువ్వాలు వేసినవాడు పక్కనే నిలబడి పోట్లాడతాడు గదా! ఇక్కడ కాగితం పెట్టి వంటకొట్టు దగ్గరికి పోతారు. దేశమంతా కాగితాన్ని నమ్ముకుని బతుకుతోంది. నిలబడే రెండు పరోటాలు తిన్నాను.

గట్ కొట్టు మూడో ప్రయత్నంలో, చీకటి పడే వేళకి దొరికింది. చైనా ముసలాయన, మిషను లేకుండా సూదితో బిగిస్తున్నాడు. చూడగానే ప్రాణం లేచివచ్చింది. పేరు చెప్పాను. తలెత్తకుండా, "రూబెన్ కోచ్? వాటర్లూ వీధి. నాలుగో అంతస్తు. మోకాళ్ళు పోయాయి, నోరు పోలేదు" అన్నాడు. ఒక కాగితం మీద బ్లాకు నంబరు రాసిచ్చాడు. అరనిమిషం పట్టింది.

రాత్రికి శ్రీధర్‌కి ఆ కాగితం చూపించి ఏమీ అనలేదు. అనకపోవడమే ఎక్కువ.

వాటర్లూ వీధి

మిగిలింది శనివారం ఒక్కటే. విమానం సాయంత్రం ఏడింటికి. టిక్కెట్టు మార్చడానికి వీల్లేని రకం. నన్ను ముందు వెళ్ళమని, సామానుతో టాక్సీలో ఐదున్నరకి రూబెన్ ఇంటి కిందికి వస్తానని మాధవి చెప్పింది. ఫోన్లో తర్వాత అడగొచ్చు కదా అంటారేమో. ఇటువంటి మాట ఫోన్లో అడుగుతారా? మొహం చూడాలి.

ఆ వీధిలో కృష్ణుడి గుడి ఉంది. చైనావాళ్ళు పిడికెడేసి అగరొత్తులు పట్టుకుని కృష్ణుడికి వంగి వంగి దణ్ణాలు పెడుతున్నారు. నాలుగడుగులు వేస్తే యూదుల ప్రార్థనాలయం. అక్కడికి నడిచి వెళ్ళే దూరంలోనే రూబెన్ ఇల్లు. తలుపు తీసింది అతని చెల్లెలు రాచెల్, డెబ్బై దాటినావిడ. వెనక కుర్చీలో రూబెన్. నెత్తిన చిన్న గుడ్డటోపీ, మిగిలిందంతా ముక్కు.

రెండు నిమిషాలు నన్ను తేరిపార చూశాడు. "మార్కర్!" అన్నాడు. "కాకినాడ!"

మాటలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. తెలుగులో రాస్తున్నాను. అప్పట్లో దొరగారూ అనేవాణ్ణి. డెబ్బై దాటాక ఎవరికెవరు దొర? "రూబెన్, రాజమండ్రి ఆట గురించి ఒక మాట..." అని మొదలుపెట్టాను.

చెయ్యెత్తి ఆపాడు. "ఇవాళ కాదు."

"ఇవాళ కాకపోతే ఎప్పుడయ్యా? సాయంత్రం నా విమానం!"

రాచెల్ అందుకుంది. "ఇవాళ మా విశ్రాంతి దినం. పని చెయ్యకూడదు, పని గురించి మాట్లాడనూ కూడదు. పొద్దుగూకి చుక్కలు పొడిచాక అడగండి."

"టెన్నిస్ కబుర్లు పనెలా అవుతాయమ్మా?"

"నాకూ మీకూ కబుర్లే. వాడికి పని. దాంతోనే గదా తిన్నాడు. పెళ్ళికూతుర్ని చూడ్డానికి శనివారం వెళ్ళినప్పుడు కూడా, ఏం చేస్తావని మావగారు అడిగితే రేపు చెబుతానన్నాడు. వాళ్ళు పిల్లనివ్వలేదు."

రూబెన్ కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. కంపెనీతో తిరిగినప్పుడు శనివారాలు ఆట ఉండేది కాదు, ట్రావెలర్స్ బంగళాలో పడుకునేవాడు. అది గుర్తుంది. కానీ మాట కూడా కూడదా! సముద్రం దాటి వచ్చినవాడికి!

అన్నం పెట్టారు. కోడి కడుపులో బియ్యం కూరి, శుక్రవారం నుంచి సన్నటి సెగ మీద ఉంచిన వంట. దాని పైన గుడ్లు పెంకుతో సహా మగ్గి, లోపల టీ రంగుకి వచ్చాయి. నంజుకోడానికి మెంతులు వేసిన మామిడికాయ ఊరగాయ. బాగ్దాదు నుంచి వచ్చిందంటారు. మా మాగాయకి మేనత్త కూతురిలా ఉంది. ఉప్పు తక్కువ. ఆ మాట చెప్పాను. రూబెన్ నవ్వాడు. ఉప్పు గురించి మాట్లాడొచ్చన్నమాట!

అన్న పెదవి విప్పకపోతే చెల్లెలు విప్పింది. ఆమె వృత్తి కాదు గనక ఆమెకి దోషం లేదు. నాకు తెలియని రూబెన్ జీవితమంతా ఆమె నోటే విన్నాను. తాత బాగ్దాదు నుంచి కలకత్తా మీదుగా వచ్చి, ఇక్కడ గోనెసంచుల వ్యాపారం పెట్టాడు. జపాన్‌వాళ్ళు వస్తున్నారనగా తల్లి ఇద్దరు పిల్లలతో కలకత్తా ఓడెక్కింది. తండ్రి ఉండిపోయాడు. జపాన్‌వాళ్ళు చేతికి గుడ్డపట్టీ కట్టించి, తర్వాత జైల్లో పెట్టారు. బయటికి వచ్చింది సగం మనిషి. వ్యాపారం మిగల్లేదు. కలకత్తాలో పెద్ద క్లబ్బు రూబెన్‌కి సభ్యత్వం ఇవ్వలేదు. తెల్లారకముందే వెళ్ళి మార్కర్లతో ఆడి నేర్చుకున్నాడు. రెండు టోర్నమెంట్లు గెలిచాడు. విలాయత్‌లో ఆడటానికి పిలుపు కూడా వచ్చింది.

"ఆ వారమే కంపెనీవాడూ వచ్చాడు" అంది రాచెల్. "ఇంట్లో బియ్యం లేవు. వీడు సంతకం పెట్టాడు. పదిరోజుల్లో విలాయత్ నుంచి రెండో ఉత్తరం. మీరు రానక్కర్లేదని."

రూబెన్ దగ్గాడు.

"సరే, పన్నెండు రోజులు" అంది ఆమె.

తర్వాత రంగూన్, పెనాంగ్, మనీలా. ఆపైన ఇక్కడే పిల్లలకి ఆట నేర్పడం. ప్రొఫెషనల్స్ కూడా ఆడవచ్చని రూలు మార్చేసరికి నలభై దాటింది. ఒక్కసారి పెద్ద టోర్నమెంటుకి వెళ్ళాడు. మొదటి రౌండులోనే ఇరవై ఏళ్ళవాడి చేతిలో ఓడాడు. "వాడికి ఆట నేర్పింది కూడా వీడే" అంది. రూబెన్ మళ్ళీ దగ్గుతాడేమోనని చూశాను. దగ్గలేదు.

"మరి రాజమండ్రి?" అని ఆమెనే అడిగాను.

"ఆ ఊరి పేరు నేను వినలేదు. నేనప్పుడు కలకత్తాలో ఉన్నాను."

ఐదుంపావు అయింది. ఇక పట్టలేకపోయాను. లేచి నిలబడ్డాను. "రూబెన్, నువ్వు మాట్లాడొద్దు, విను. ఆ మూడో సెట్టు నువ్వు జాలిపడి నాకు వదిలేశావని మా ఊరంతా అన్నారు. నేను కాదంటే నవ్వారు. నా భార్య కూడా పోయేముందు, పోనిద్దురూ, ఎవరిచ్చినా గెలుపు గెలుపే కదా అంది. అవునో కాదో నీకొక్కడికే తెలుసు. తల ఊపు చాలు."

తల ఊపలేదు. కళ్ళు మూసుకున్నాడు. నాకు అర్థమైంది. మిగతా ఆటల్లాగే అదీ పనే. మేనేజరుతోనో, తన మనసులోనో కుదుర్చుకున్నదే. పని గనకే నోరు మెదపడం లేదు. రాచెల్‌కి నమస్కారం పెట్టి, గుమ్మం దగ్గర జోళ్ళు తొడుక్కుంటున్నాను. కింద టాక్సీ హారన్ మోగింది.

"జాలా?" అన్నాడు వెనక నుంచి.

తిరిగి చూశాను. కుర్చీ చేతులు పట్టుకుని లేస్తున్నాడు.

"జాలా! ఐదు నాలుగు దగ్గర నువ్వు వైపులు మారలేదు! బేసి గేములకి మారాలి. నేను మంచినీళ్ళు తాగి వచ్చేసరికి అటే నిలబడి సర్వీసుకి సిద్ధమయ్యావు. ఎండ తిన్నగా నా కళ్ళలో. ఆ ఎండలోకి బంతిని ఎత్తుగా లాబ్ లేపావు. అది నాకు కనబడలేదు. కనబడి ఉంటే చంపేసేవాణ్ణి!"

"రూబెన్!" అంది రాచెల్. "శనివారం!"

"పని గురించి ఎవరు మాట్లాడుతున్నారు?" అని ఆమె మీద అరిచాడు. "కంపెనీ ఆట రెండో సెట్టుతో అయిపోయింది. మూడో సెట్టు మొదటి గేముకే వీడు చెప్పినట్టు ఆడటం లేదని తెలిసింది. ఇక నేనూ పని మానేసి ఆడాను. నా చేతనైనంతా ఆడాను. అది పని కాదు!"

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేను ఒంటి జోడుతోనే లోపలికి వచ్చేశాను. కానీ వైపులు మారలేదన్న మాట అబద్ధం. అబద్ధానికి ఊరుకోవడం నా వల్ల కాదు.

"వైపులు మారాం! నువ్వు తువ్వాలు మర్చిపోయి వెనక్కి కూడా వెళ్ళావు!"

"ఆ తువ్వాలు మొదటి సెట్టులో!"

"మూడో సెట్టులో!"

శనివారం రూబెన్ లిఫ్టు మీట నొక్కడు, అదీ పనే. ఆ మోకాళ్ళతో నాలుగు అంతస్తులూ కమ్మీ పట్టుకుని నాతో దిగాడు. ప్రతి మలుపులోనూ ఆగి, గోడ మీద వేలితో కోర్టు గీసి, సూర్యుణ్ణి చూపించాడు. నేను ఆ సూర్యుణ్ణి చెరిపి ఇటు పెట్టాను. కింద టాక్సీవాడు, "అంకుల్, ఎయిర్‌పోర్ట్ గో ఆర్ నాట్ గో?" అని మూడుసార్లు అడిగాడు. తలుపు వేశాక కూడా రూబెన్ కిటికీలోకి వంగి, "మళ్ళీ రా. ఆదివారం రా. ఎండ ఎటుందో చూపిస్తాను" అన్నాడు.

దారిలో మాధవి అడిగింది. "ఏమన్నారు పెదనాన్నా? జవాబు చెప్పారా?"

"ఎండ కళ్ళలో పడిందట! ఒట్టి మోసగాడు!" అన్నాను. మాధవి ఎందుకో నా చెయ్యి తట్టింది.

ఇది చదివేవాళ్ళలో రాజమండ్రివాళ్ళు ఎవరైనా ఉంటే ఒక్క మనవి. ఆ సాయంత్రం మిల్లు గొట్టం నీడ రూబెన్ నిలబడిన వైపంతా పరుచుకుని ఉంది. మేం వైపులు మారాం. సూర్యుడు అతని వీపు వెనక ఉన్నాడు గానీ కళ్ళకి ఎదురుగా కాదు. అప్పుడు చూసినవాళ్ళు ఇంకా ఎవరైనా బతికుంటే, దయచేసి వాటర్లూ వీధికి ఒక కార్డు ముక్క రాయండి. శనివారం నాడు చేరకుండా చూడండి.